మాత్ర, మూత్రం, మధ్యలో ఆత్రం

వెంకటేశం పీహెచ్‌డీలో చేరిన రోజున అతని నెత్తి మీద జుట్టుండేది. థీసిస్ టైపుకిచ్చే నాటికి నెత్తి మాత్రమే మిగిలింది. "థీసిస్ అంటే అంతే మరి, ఒక్కొక్కటే తీసేస్తూ పోతుంది" అని అతనే నవ్వుకునేవాడు. నవ్వడానికి వెంట్రుకలు అక్కర్లేదు కదా!

అసలు పరిశోధన అన్న మాటలోనే శోధన ఉంది. ముందున్న "పరి" మర్యాద కోసం తగిలించింది. మందుల శాస్త్రంలో ఆ శోధన మరీ మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదట చేర్చుకుంటారు, కానీ తాత్కాలికంగా. తర్వాత రెండు పేపర్లు రాసి గట్టెక్కాలి. ఆ పైన జర్మన్ భాష! మన మందులకీ జర్మనీకీ ఏం చుట్టరికమంటే, పాత పత్రికలన్నీ వాళ్ల భాషలోనే ఉన్నాయిట. జొన్నచేల గట్ల మీద పెరిగిన వెంకటేశానికి "డెర్" అనగానే డర్ పుట్టింది. ఒకసారి తప్పాడు. రెండోసారి "దాస్"కి దాసోహమన్నాక దయతలచి పాస్ చేశారు. అప్పటికిగానీ రిజిస్ట్రేషన్ ఖాయం కాలేదు. ఇక ఆర్నెల్లకోసారి ప్రగతి నివేదిక. ప్రగతి ఉన్నా లేకపోయినా నివేదిక ఉండాల్సిందే. అన్నీ దాటాక డిపార్ట్‌మెంటు ముందు సెమినారు, దాన్ని మెచ్చితే థీసిస్ సమర్పణ, దాన్ని బయటి యూనివర్సిటీల పరీక్షకులు చదవడం, చిట్టచివర వైవా. వైవా అంటే మరేం లేదు. వాళ్లు "వై?" అంటారు, మనం "వా!" అంటాం.

వెంకటేశం ఇప్పుడు సెమినారు మెట్టు మీదున్నాడు. పందొమ్మిదివందల అరవై ఎనిమిది మార్చి. అతని గైడు సోమయాజులుగారు ఆ నెలాఖరున రిటైరవుతున్నారు. ఆయన సంతకం అప్పటిదాకానే చెల్లుతుంది. ఈలోగా థీసిస్ లోపలికి వెళ్లిందా, సరే. లేదా, ఇంకో గైడును వెతుక్కోవాలి. ఆ ఇంకో గైడు హెడ్డు వీరస్వామిగారు ఒక్కరే. ఆయన ఎవరి శిష్యుణ్ణి తీసుకున్నా పలకా బలపం దగ్గర్నించి మొదలుపెట్టిస్తారని ప్రతీతి. పైగా జిల్లాలో ఒక కాలేజీవాళ్లు "థీసిస్ ఇచ్చానని కాగితం తే, జూన్‌లో లెక్చరర్‌గా చేరు" అని మాటిచ్చి కూర్చున్నారు.

థీసిస్ దేని మీదా? మాత్ర మీద. మామూలు మాత్ర మింగగానే కరిగి, మధ్యాహ్నానికల్లా ఆ మందు ఒంట్లోంచి వెళ్లిపోతుంది. అందుకే రోగి రోజుకి మూడుసార్లు మింగాలి. వెంకటేశం రోజంతటి మందునూ ఒకే మాత్రలో కూరి, దానికి మైనం పూతలు పూశాడు. పొద్దున ఒకటి వేసుకుంటే సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా కరుగుతూ ఉండాలని. మందు మందంగా నడవాలి, అదీ మందగమనం! అది అట్లాగే కరుగుతోందా లేదా అని కడుపులోకి తొంగి చూడలేం కనక, రెండు గంటలకోసారి మూత్రం సీసాలో పట్టి చూడాలి. దాంట్లో రసాయనం కలిపితే, మందు ఉంటే గులాబీ రంగు తేలుతుంది. రంగు చిక్కదనాన్నీ సీసాలో ఉన్న కొలతనీ హెచ్చవేస్తే ఎంత మందు బయటికొచ్చిందో లెక్క తెలుస్తుంది. మిగతా శాస్త్రాలకి సూత్రం ఎట్లాగో ఇతని శాస్త్రానికి మూత్రం అట్లాగ. మాత్ర లోపలికి, మూత్రం బయటికి, మధ్యలో వెంకటేశం ఆత్రం.

తార్నాకలో అతనికి గది అద్దెకిచ్చిన బుచ్చవ్వ, పిట్టగోడ మీద వరసగా ఎండుతున్న సీసాలు చూసి ఒకనాడు అడిగింది.

"సారూ, గీ సీసలేంది? అత్తరు దుకాణం వెడుతున్నవా?"

"కాదవ్వా. హాస్టల్ పోరగాళ్ల ఉచ్చ పట్టనీకి."

బుచ్చవ్వ ముక్కు మీద వేలేసుకుంది. "గింత సదివి గిదా బిడ్డా నువ్వు జేసేది? మా కోడలు సంటిపిల్లగానికి రోజూ గదే జేస్తది. దానికెవలన్న డాక్టరని పేరు వెట్టిండ్రా?"

వెంకటేశం ఎండిన సీసాలు సంచిలో సర్దుకున్నాడు. జర్మన్‌లో కూడా దానికి జవాబు లేదు.

సరే, జనవరిలో ఒక ఆదివారం ప్రయోగం జరిగింది. హాస్టల్లో దిట్టంగా ఉన్న పదిమంది కుర్రాళ్లు ముందుకొచ్చారు. ఐదుగురికి మామూలు మాత్ర, ఐదుగురికి మైనం మాత్ర. పొద్దున్నే వెంకటేశం దగ్గరుండి మింగించాడు. పేర్లూ వేళలూ అంటించిన సీసాలు గదుల్లో పెట్టి, "వేళ తప్పకుండా నింపి పెట్టండి తమ్మీ" అని చెప్పి లేబొరేటరీకి వెళ్లాడు. సాయంత్రం వచ్చి పోగు చేసుకున్నాడు. అన్నీ నిండి ఉన్నాయి, ఒక్కటి ఖాళీ లేదు. సీసాలు చూసి సిసలైన కుర్రాళ్లని మురిసిపోయాడు.

గ్రాఫు గీస్తే ఏం గ్రాఫండీ! మైనం మాత్ర మింగిన ఐదుగురివీ పొద్దున కాస్త అటూ ఇటూ తూలిన గీతలు, మధ్యాహ్నం దాటేసరికి ఒకే తాడుగా పేనుకుపోయి, కొంచెం కొంచెంగా, సమంగా, సాయంత్రం దాకా నడిచాయి. మామూలు మాత్రవి మధ్యాహ్నానికి నేలకు అంటుకుపోయాయి. సోమయాజులుగారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశారు.

"ఏమిటోయ్ ఈ క్రమశిక్షణ! ఏ ఇద్దరి ఒళ్లూ ఒక్కలా ఉండవు. నీ మైనం ముందు మనుషులంతా సమానమైపోయారు! నా సర్వీసులో ఇంత అందమైన గ్రాఫు చూళ్లేదు. దీన్ని చూసి రిటైరవడం నా అదృష్టం."

ఆ మాటకి వెంకటేశం కళ్లు చెమ్మగిల్లాయి.

సెమినారు సోమవారం. ముందురోజు ఆదివారం పొద్దున తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటల్‌కి కొమురెల్లిని పిలిచాడు. కొమురెల్లి హిస్టరీ ఎమ్మే, యూనివర్సిటీ కబడ్డీ జట్టులో ఆడతాడు, మైనం మాత్ర ఐదుగురిలో ఒకడు. మిగతావాళ్లని కూడగట్టింది కూడా అతనే. ఒక చాయ్ తాగించి థాంక్స్ చెప్దామని వెంకటేశం ఉద్దేశం.

"కొమురెల్లీ, నువ్వు లేకపోతే నా థీసిస్ లేదు. ఏం కావాల్నో చెప్పు. సమోసా?"

"గట్లనకు అన్నా, సిగ్గయితది. నేనేం జేసిన? గోలి మింగిన, సీస నింపిన." కొమురెల్లి చాయ్‌ని సాసర్లోకి వంచి ఊదుకున్నాడు. "ఒక్కటి మాత్రం నిజం. ఆనాడు నా నడుములు వడిపోయినయి."

"నడుములెందుకు?"

"ఐదుగురి సీసలు నింపుడంటే ఉత్త ముచ్చటనా? కుండెడు నీళ్లు తాగిన."

వెంకటేశం చేతిలోని బిస్కెట్ చాయ్‌లోకి వంగి, విరిగి, మునిగింది. అతను చూడలేదు.

"ఐదుగురివా?"

"మరి! మిగతా నలుగురు మ్యాట్నీకి పాయె. సికింద్రాబాద్‌ల కొత్త పిక్చర్ వడ్డది, టికెట్లు దొరికినయి. నేను ముందే చూసిన్నాయె. 'ఒరే కొమురెల్లీ, మాకు ప్రాక్సీ కొట్టురా' అన్నరు. క్లాసుల హాజరుకు ఒకనికొకడు కొడ్తం గదా, గట్లనే."

"హాజరు నోటితో చెప్పేది కదరా!"

"గిదైతే మరి నోటితోని కాదు." కొమురెల్లి నవ్వాడు. వెంకటేశం నవ్వలేదు.

"మామూలు మాత్ర వాళ్లు?"

"వాళ్లల్ల గూడ నలుగురు మ్యాట్నీకే. యోహాను పరీక్షకు చదువుకుంట రూమ్‌ల ఉండె. వాళ్లవన్ని ఆయన నింపిండు." కొమురెల్లి గొంతు తగ్గించి, ఛాతీ పెంచాడు. "అన్నా, నీకొక్క మాట చెప్తా. మేం బేమాని చెయ్యలే. మైనం గోలి సీసల మైనం గోలి తిన్నోనిదే వోసినం, ఉత్త గోలి సీసల ఉత్త గోలి తిన్నోనిదే. కల్తీ కావద్దని యోహానుతోని ఖసం తీసుకున్న. మళ్ల ఐదు సీసలల్ల కొలిచి సమానంగ వోసిన, ఒకనికి ఎక్కువ, ఒకనికి తక్కువ కాకుంట. చెడగొడ్తమా అన్నా నీ పని?"

హోటల్లో ఫ్యాను తిరుగుతోంది. వెంకటేశం బుర్ర దానికంటే జోరుగా తిరిగింది. ఐదు గీతలు ఒకే తాడైనాయంటే కావా మరి! ఐదూ ఒకే మనిషివాయె. ఒక కొమురెల్లిని ఐదు భాగాలు చేసి, ఐదు సీసాల్లో పోసి, ఐదుగురని అట్టలు అంటించి, వాళ్ల సమానత్వాన్ని చూసి గురుశిష్యులిద్దరూ కళ్లు తుడుచుకున్నారు!

అంతటితో ఆగినా బాగుండేది. బుర్ర ఇంకో చుట్టు తిరిగింది. ఒక్కో సీసాలో కొంచెం కొంచెం మందు కనిపించింది మాత్ర నెమ్మదిగా కరిగినందుకు కాదు, ఐదింటికి పంచినందుకు. మందగమనం మాత్రది కాదు, పంపకానిది! ఆ కాస్త మందునీ ఐదుతో హెచ్చవేస్తే... వెంకటేశం అక్కడే బల్ల మీద నీళ్లతడిలో వేలితో లెక్క వేశాడు. కొమురెల్లి కడుపులో మైనం మాత్ర మెల్లగా కరగనే లేదు. మధ్యాహ్నం భోజనం తర్వాత టపాకాయలా ఒక్కసారి పగిలింది. రోజంతటి మందూ ఒక్క దెబ్బన వచ్చిపడింది. మిగతా నలుగురి కడుపుల్లో ఏం జరిగిందో, సికింద్రాబాద్‌లో ఆ సినిమా హాలు గోడలకే ఎరుక.

"ఆ రోజు మధ్యాహ్నం నీకెట్లుండె?" అన్నాడు నీరసంగా.

"తల దిమ్ముగుండె. కక్కొచ్చినట్టయింది. నీళ్లెక్కువ తాగితే గట్లనే గదా అనుకున్న. ఏందన్నా, మొఖం గట్ల వెట్టినవ్? సమోసా వద్దు తియ్యి."

హాస్టల్‌కి వెళ్లి యోహానును అడిగితే అతను పాపం పుస్తకం మూసి లేచి నిలబడి మరీ చెప్పాడు. అదే కథ. "తప్పా అన్నా? మేం సాయమనుకున్నం" అన్నాడు. తమ్ముళ్లు మోసం చేస్తే కోప్పడొచ్చు. ఇంత నిజాయితీగా కొలిచి ముంచితే ఏం చేస్తాం?

గైడు ఇంటివైపు రెండుసార్లు అడుగులు వేసి రెండుసార్లూ వెనక్కొచ్చాడు. గదికి చేరేసరికి బుచ్చవ్వ అరుగు మీద చేటలో బియ్యం చెరుగుతోంది.

"మొఖమేంది బిడ్డా గట్ల వీక్కపోయింది? ఎవలు వోయిండ్రు?"

"నా థీసిస్ పోయిందవ్వా."

"దొరుకుతది తియ్యి. యాడ వెట్టినవో యాది చేస్కో."

సోమవారం సెమినారు. ముందు వరసలో లెక్చరర్లు, వెనక వరసల్లో విద్యార్థులు, పక్కన ఇస్త్రీ కోటులో సోమయాజులుగారు, పెళ్లికూతురి తండ్రిలా. గోడకి ఆ గ్రాఫు వేలాడుతోంది. వెంకటేశం చెప్పుకుపోయాడు. నోరు నడుస్తోంది, మనసు మొండికేసి కూర్చుంది. నోరు మూసుకుంటే జూన్‌లో లెక్చరర్. తెరిస్తే పలకా బలపం. ఎవరికి తెలుసు? కొమురెల్లికి తెలుసు, కానీ తనేం చేశాడో కొమురెల్లికే తెలీదు. డిగ్రీ వచ్చాక చాటుగా మళ్లీ చేసి సరిదిద్దుకోవచ్చు. ఇట్లా మనసుకి జోలపాట పాడుతూ చివరికొచ్చాడు. చప్పట్లు కొట్టారు.

వీరస్వామిగారు లేచారు. ఆయన మెచ్చుకున్న మనిషి ఆ డిపార్ట్‌మెంటులో ఇంకా పుట్టలేదు. అట్లాంటివారు గ్రాఫు దగ్గరికి వెళ్లి వేలితో ఆ తాడును నిమిరారు.

"ఐదుగురి మధ్య ఇంత సమానత్వం సోషలిస్టు దేశాల్లో కూడా లేదయ్యా! నేను ఒప్పుకుంటున్నాను. ఇంకో మాట. దీన్ని ఆరోగ్యవంతుల దగ్గరే ఆపడం అన్యాయం. ఆస్పత్రిలో నాకు తెలిసిన డాక్టర్లున్నారు. వచ్చేవారం వార్డులో రోగులకి ఇచ్చి చూద్దాం. నేను మాట్లాడతాను."

వెంకటేశానికి కొమురెల్లి కనిపించాడు, కబడ్డీ కండలతో. ఆ కండలకే తల దిమ్మెక్కింది. మంచం మీద ఎముకల గూడులా ఉన్న రోగి కడుపులో రోజంతటి మందూ ఒక్కసారి పగిలితే?

"వద్దు సార్!"

అరిచానని అతనికి తర్వాత తెలిసింది.

"వద్దా? ఎందుకు?"

"ఇది ఐదుగురిది కాదు సార్. ఒక్కడిది."

"ఏది?"

"మధ్యాహ్నం నుంచి... మొత్తం సార్. మిగతావాళ్లు సినిమాకి వెళ్లారు. వాళ్ల సీసాలు ఒకడే నింపాడు. ప్రాక్సీ." ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని గబగబా కానిచ్చాడు. "నాకు నిన్ననే తెలిసింది. ఐదుతో హెచ్చవేసి చూశాను సార్. మాత్ర నెమ్మదిగా కరగలేదు. పగిలింది. రోగులకి ఇవ్వొద్దు."

ముందు వరసలో ఒకాయన పెన్ను జారి దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది, తీసుకోవడానికి ఎవరూ వంగలేదు. వీరస్వామిగారి వేలు ఇంకా గ్రాఫు మీదే ఉంది. ఆ తాడు ఏ ద్రవంతో పేనిందో గుర్తొచ్చినట్టు ఆయన చటుక్కున వేలు తీసి కోటుకి తుడుచుకున్నారు. అప్పుడు వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. అంతే, కట్ట తెగింది. నవ్వులు పైకప్పును లేపాయి.

సోమయాజులుగారు నవ్వలేదు. తిట్టనూ లేదు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచారు.

సాయంత్రం క్యాంపస్‌లో ఆయన క్వార్టర్‌కి వెళ్లాడు. ఇల్లు ఖాళీ చేసే సన్నాహంలో ఉన్నారు. ముందుగదంతా పుస్తకాల కట్టలు. ఆయన ఒక కట్టకి పురికొస చుడుతున్నారు.

"వేలు పెట్టు" అన్నారు.

వెంకటేశం ముడి మీద వేలు పెట్టాడు. ఆయన బిగించారు.

"నిన్ననే తెలిసిందన్నావు."

"అవును సార్."

"మరి నిన్ననే నా దగ్గరికి రాలేదేం?"

"భయమేసింది సార్."

"తిడతాననా?"

"కాదు సార్. చెప్పొద్దంటారేమోనని."

అనేశాక నాలుక కొరుక్కున్నాడు. గురువుగారిని ఇంతమాటా! సోమయాజులుగారు పురికొస పక్కన పెట్టి, కళ్లజోడు తీశారు. ఈసారి తుడవలేదు.

"అనేవాణ్ణే."

పొద్దున తాను ఇచ్చిన షాకు వీరస్వామిగారికి ఎట్లా తగిలిందో వెంకటేశానికి ఇప్పుడు తెలిసింది.

"ఏమిటలా చూస్తావ్? నెలాఖరున వెళ్లిపోతున్నాను. ఆఖరి శిష్యుడు. అంత అందమైన గ్రాఫు. 'ముందు సమర్పించు, తర్వాత చూసుకుందాం' అని అనేవాణ్ణే. నువ్వు వినేవాడివి కూడా. వింటే వచ్చేవారం ఎవడికో ఆస్పత్రిలో..." ఆయన ఆగిపోయారు. "నువ్వు రాకపోవడమే మంచిదైంది. కూర్చో. ఇంకా నాలుగు కట్టలున్నాయి."

ఇద్దరూ కూర్చుని నాలుగు కట్టలూ కట్టారు. సోమయాజులుగారు మర్నాడే తన సంతకం వెనక్కి తీసుకున్నారు. నెలాఖరున దండ వేయించుకుని తార్నాకలో అద్దెయింటికి మారారు. జూన్‌లో లెక్చరర్ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది. వెంకటేశం వీరస్వామిగారి కింద మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. జర్మన్ ఒక్కటి మళ్లీ రాయక్కర్లేదన్నారు, అదే పదివేలు. వేసవంతా మైనం మార్చి, పూత మార్చి, మాత్రని కొత్తగా కట్టాడు. రోజంతటి మందు కూరడం మానేసి, పగిలినా ప్రమాదం లేనంత మందే పెట్టాడు. ఒకటి తను మింగి ఒక రోజంతా బతికి చూశాడు.

వీరస్వామిగారి షరతు ఒక్కటే. "గదులూ లేవు, హాస్టలూ లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా నా లేబొరేటరీలో, నా కళ్ల ముందు కూర్చోవాలి. మొదట ఐదుగురు చాలు. ఐదుగురంటే ఐదుగురు మనుషులు."

ఆ మాట క్యాంపస్ అంతా పాకింది. సీసాల వెంకటేశం అంటే అప్పటికే నవ్వులాట. రోజంతా అక్కడ కూర్చోవడానికి ఎవరొస్తారు? తప్పు దిద్దుకుంటామని కొమురెల్లీ యోహానూ వచ్చారు. కొమురెల్లి ఇద్దరు కబడ్డీవాళ్లని మెడపట్టి తెచ్చాడు. నలుగురయ్యారు. జూలైలో ఒక ఆదివారం పొద్దున వెంకటేశం ఐదో బల్ల దగ్గర నిలబడి గుమ్మంకేసి చూస్తుండగా, చినుకుల్లో గొడుగు వేసుకుని సోమయాజులుగారు వచ్చారు. గొడుగు మూసి మూలన ఆనించి, ఐదో కుర్చీలో కూర్చున్నారు.

వీరస్వామిగారు కంగారుగా లేచారు. "మీరా సార్? ఇదేం పని? మీరు పెద్దవారు..."

"రిటైరైనవాడు గైడుగా ఉండకూడదనే కదా రూలు? కుర్చీలో కూర్చోకూడదని లేదే." వెంకటేశం వైపు చెయ్యి చాచారు. "ఊఁ, ఇవ్వు."

వెంకటేశం డబ్బా మూత తీశాడు. తన జీవితంలో ఎవరికైతే నీళ్లగ్లాసు ఇవ్వడానికి కూడా రెండు చేతులూ పెట్టాడో, ఆయన అరచేతిలో మాత్ర పెట్టాడు. ఆయన దేవుడి ప్రసాదంలా కళ్లకద్దుకోలేదు, మామూలుగా నోట్లో వేసుకుని నీళ్లు తాగారు. తర్వాత తన పేరు రాసిన సీసాని దగ్గరికి లాక్కుని, కుర్రాళ్లతో సమానంగా వరసలో కూర్చున్నారు.

పొద్దుగూకే వేళకి సీసాలన్నీ పరీక్షకొచ్చాయి. నాలుగు గీతలు నాలుగు దార్లు పట్టాయి. ఒకటి తొందరపడింది, ఒకటి నిదానించింది, ఒకటి మధ్యలో పొర్లింది, కొమురెల్లిది ఈసారి బుద్ధిగా నడిచింది. చూడ్డానికి కోడి గెలికినట్టుంది. వీరస్వామిగారు చూసి మొహం చిట్లించి, పొడిచేసే మాట కోసం వెతుక్కుని, దొరక్క "ఊఁ" అన్నారు.

ఐదోది మిగిలింది. వెంకటేశం పరీక్షనాళికలో రసాయనం కలిపి వెలుతురుకి పెట్టాడు. పొద్దుటి సీసా, మధ్యాహ్నంది, సాయంత్రంది. ఒక్కదాంట్లోనూ గులాబీ తేలలేదు. మళ్లీ చేశాడు. తేలలేదు. ఆ పెద్దాయన కడుపులో మాత్ర పూత విప్పనే లేదు.

"ఏం వచ్చింది?" అన్నారు సోమయాజులుగారు కుర్చీలోంచి.

"ఏం రాలేదు సార్."

"ఏమీనా?"

"సున్నా సార్."

ఆయన లేచి వచ్చి, కళ్లజోడు ముక్కు మీదికి జరిపి, నీళ్లలా తేటగా ఉన్న నాళికల్ని ఒక్కొక్కటే చూశారు. వీరస్వామిగారూ వచ్చి ఆయన భుజం మీంచి చూశారు.

"ముసలి కడుపులో మైనం కరగదన్నమాట" అన్నారు వీరస్వామిగారు. ఆయన గొంతులో మొదటిసారి ఆసక్తి వినిపించింది. "ఎందుకంటావ్ వెంకటేశం?"

"తెలీదు సార్."

"అయితే కనుక్కో. ఒక ఏడాది పడుతుంది."

వెంకటేశం సోమయాజులుగారి మొహంలోకి చూశాడు. ఆయన కుర్చీ అతని పక్కకి లాక్కుని కూర్చుని, గీతల కాగితం మీద వేలు పెట్టారు.

"ముందు సున్నా రాయి. ఇదిగో, నా పేరెదురుగా. ముదురుగా రాయి."

వెంకటేశం రాశాడు.